గొంతు నీది, గజ్జెలు వాడివి

నార్మన్‌కి పాట రాదు. ఈ సంగతి దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కనున్న ఖర్వాస్తాన్‌లో తెలుగు ఇళ్ళన్నిటికీ తెలుసు, అందరికంటే బాగా నార్మన్‌కే తెలుసు. పిల్లల పుట్టినరోజుకి కేకు చుట్టూ నిలబడి అందరూ పాడుతుంటే అతను పెదవులు కదిపి ఊరుకుంటాడు, పాపం. మంచివాడు. ఇసిపింగోలో పెయింట్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట కాదనడు. అలాంటి మనిషి కాళ్ళకి గజ్జెలు కట్టి, శ్రీరామనవమి నాడు దీపపు సెమ్మె ముందు నిలబెట్టి, హాలు నిండా జనం ఎదుట భజన నడిపించాలని పెద్దలు తీర్మానించారు. ఎందుకయ్యా అంటే, దొరసామి కొడుకు కాబట్టి!

దొరసామికి కూతురు కూడా ఉంది. పేరు సరస్. నార్మన్‌కి అక్క. చాట్స్‌వర్త్‌లో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు, తండ్రిని కనిపెట్టుకుని ఉంటోంది. భజన పాటలన్నీ నోటికొచ్చిన మనిషి ఆ ఇంట్లో తండ్రి తర్వాత ఆమె ఒక్కతే. ఆ సంగతీ అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

దొరసామి బతుకంతా బస్సు డ్రైవరు. పగలు డర్బన్ రోడ్ల మీద బస్సు, సాయంత్రం వరండాలో కుర్రాళ్ళకి పాట. చెరకుతోటల్లో పనికి ఓడెక్కి వచ్చిన తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకి దక్కిన పాటలవి. మాటల అర్థం సగం పోయింది గానీ తాళం మాత్రం వీసమెత్తు పోలేదు. ఆయన చిడతలు పట్టి సెమ్మె చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకుంటే, మగవాళ్ళు వలయం కట్టి అడుగు కలిపేవాళ్ళు, వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు. వలయం లోపలికి ఆడది అడుగు పెట్టకూడదు. ఎవరు పెట్టారీ రూలు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇంకో రూలుంది, అది ఇంతకన్నా గట్టిది. దీపం ముందు మొదటి పాట ఎత్తుకున్నాక మంగళహారతి దాకా పాట తెగకూడదు. తెగితే అందరికీ అరిష్టం. ఒకసారి హాలు వంటగదిలో నూనె అంటుకుని పొగ కమ్మేస్తే, కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ పాడారే తప్ప ఆపలేదు.

కిందటి చలికాలంలో దొరసామికి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, నాలుక మందమైంది. ఇక సెమ్మె ముందు నిలబడేదెవరు అన్న మాట మాట్లాడటానికి అక్కడి తెలుగువాళ్ళ సభకి చైర్మన్ సామ్, దొరసామి చెల్లెలు మునియమ్మ, నార్మన్ ఒక ఆదివారం ఆ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. ఏప్రిల్ నెల, తొంభై నాలుగు. దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మనవాళ్ళూ ఒకే వరసలో నిలబడి మొదటిసారి ఓటు వెయ్యబోతున్నారు. నవమి అయిన వారానికే ఎన్నికలు. యుద్ధం వస్తుందని భయపడి జనం కొవ్వొత్తులూ, చేపల డబ్బాలూ, బీన్సు డబ్బాలూ కొని మంచాల కింద దాచుకుంటున్నారు. చాట్స్‌వర్త్ షాపుల్లో అరలన్నీ ఖాళీ.

సరస్ టీ కప్పులు బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడి, "నేను నడిపిస్తాను," అంది.

మునియమ్మ చేతిలో బిస్కెట్ టీలో పడింది. డెబ్భై దాటిన మనిషి, మామూలు మాటలకి ఇంగ్లీషు, తిట్లకి మాత్రం అచ్చమైన పాత తెలుగు. "ఏటే! ఆడకూతురివి, దీపం కాడ ఎగురుతావేటే? సిగ్గూ శరం లేదేటే నీకు?"

"పాడటానికి సిగ్గెందుకత్తా? వెనక కూర్చుని పాడితే లేని సిగ్గు ముందు నిలబడితే ఎక్కణ్ణించి వస్తుంది?"

"నోరు సూడు దానికి! సదువు సెప్తాదంట సదువు!"

సామ్ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. ఆయనకి గ్రే స్ట్రీట్‌లో చీరల షాపుంది, ఎంత కోపంగా ఉన్న ఆడవాళ్ళకైనా నచ్చజెప్పి చీర అంటగట్టగలడు. "సరస్, మై గర్ల్, నీ గొంతుకి ఎవరూ వంక పెట్టడం లేదు. కానీ టైమ్ చూడు. వచ్చే నెల ఈ దేశంలో ఎవరుంటామో ఎవరికి తెలుసు? ఈ యేడు ఒక్కటి, ఏదీ మార్చొద్దు."

"దేశమే మారిపోతోంది అంకుల్."

"అందుకే. కనీసం రాముణ్ణయినా ఉన్నచోట ఉండనీ."

మరి నార్మన్ పాడలేడే? దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. ఆడవాళ్ళ పక్కన వంటగది గుమ్మానికి ఒక తెర కడతారు. తెర వెనక మైకు. సరస్ అక్కడ నిలబడి పాడుతుంది. నార్మన్ గజ్జెలు కట్టుకుని సెమ్మె చుట్టూ తిరుగుతూ నోరు కదుపుతాడు. పేరుకి పేరు, పాటకి పాట!

"అందరికీ తెలిసిపోద్ది కదా, అంకుల్," అన్నాడు నార్మన్ బిక్కచచ్చి.

"తెలిస్తే తెలియనీ. పైకి ఎవడూ అనడు."

అందరూ దొరసామి వైపు తిరిగారు. ఆయన చక్రాల కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు మాటలు కూడదీసుకున్నాడు. "గొంతు నీది," అన్నాడు కూతురితో, నత్తి నత్తిగా. "గజ్జెలు వాడివి. అంతే."

సరస్ సరేనంది. కాదనడానికి నోరు రాలేదు. నోట మాట పెగలని మనిషి అంత కష్టపడి నాలుగు ముక్కలంటే, ఎదురు చెప్పేదెలా? కప్పులు తీసుకెళ్ళి సింకులో పడేసింది. ఒకటి పగిలింది. పోనీ, పగలనీ అనుకుంది. ఒళ్ళంతా మండుతోంది. తండ్రి మీద కోపం, సామ్ మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ తన మీద తనకే అసహ్యం.

మర్నాడు క్లాసులో మెట్రిక్ పిల్లలకి ఒక అమెరికా రచయిత్రి గురించి చెప్పాలి. ప్రుడెన్స్ హాలెట్ అని, నూట యాభై ఏళ్ళ కిందటి మనిషి. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో కూర్చుని ఓడలవాళ్ళ మీద నవలలు రాసింది. ఆడది రాసిన ఓడల కథ ఎవరు కొంటారని అచ్చువేసేవాడు చప్పరించేస్తే, తమ్ముడి పేరు పెట్టి ఇచ్చింది. పుస్తకాలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. విందులకి తమ్ముడు వెళ్ళాడు, సన్మానాలు తమ్ముడు చేయించుకున్నాడు. ఆవిడ ఇంట్లో కూర్చుని తర్వాతి నవల రాసింది. జుట్టు నెరిశాక, ఆఖరి నవలకి మాత్రం తన పేరు పెట్టుకుని, ముందుమాటలో ఒక్క వాక్యం రాసింది: "ఇంతకు ముందువి కూడా నావే."

సరస్‌కి ఆ వాక్యం అంటే ఇష్టం. ప్రతి ఏడూ దాన్ని బోర్డు మీద రాసి, వెనక్కి తగ్గి, పిల్లల మొహాలు చూసేది. ఆ రోజు కూడా రాసింది.

ముందు బెంచీలో లెషన్యా చెయ్యెత్తింది. మునియమ్మ ఇంటి పక్కవాళ్ళ పిల్ల. "మ్యామ్, మరి అన్నేళ్ళు ఎందుకు ఒప్పుకుంది?"

"ఆ రోజులు అలాంటివి. ఆడవాళ్ళకి ఆస్తి లేదు, ఓటు లేదు. ఇంట్లోవాళ్ళ మాట కాదంటే నిలవనీడ లేదు."

"ఇంట్లోవాళ్ళేనా మ్యామ్ ఒద్దంది? బైటవాళ్ళు కాదా?"

"ఇంట్లోవాళ్ళని కాదనడమే ఎక్కువ కష్టం."

"యో! నేనైతే ఒప్పుకోను," అంది లెషన్యా. "మీరూ ఒప్పుకోరు కదా మ్యామ్?"

క్లాసంతా చూస్తోంది. సరస్ చేతిలో సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఒప్పుకోను అంటే అబద్ధం. ఒప్పుకున్నాను అంటే, ఈ పిల్లలకి ఇక ఏ మొహం పెట్టుకుని పాఠం చెబుతుంది? పేజీ తిప్పమంది. అంతకంటే సిగ్గుమాలిన పని ఆమె టీచరుగా ఎన్నడూ చెయ్యలేదు.

స్కూలు వదలగానే మినీబస్ టాక్సీ ఎక్కి గ్రే స్ట్రీట్‌లో దిగింది. సామ్ షాపులో ఒక పెళ్ళివారికి చీరలు విప్పి చూపిస్తున్నాడు.

"అంకుల్, తెర వెనక నేను పాడను. బైట అయితే పాడతాను, లేకపోతే లేదు."

సామ్ చీర మడత పెట్టకుండానే ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు. నవ్వు మొహం అలాగే ఉంది గానీ గొంతు మారింది. "పాడకు. ఈ యేడు భజన లేదని నోటీసు పెడతా. ఎందుకు లేదని అందరూ అడుగుతారు. దొరసామి కూతురు జరగనియ్యలేదని చెప్తా. దాంతో మీ నాన్న పేరు మట్టిలో కలుస్తుంది. నీకు సంతోషమేనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరస్ తల దించుకుంది. తగ్గిందనుకుని సామ్ ఇంకొంచెం బిగించాడు.

"ఇంకో మాట. తెర వెనకే కదా, మధ్యలో గొంతు ఆపేసి మమ్మల్ని నలుగురిలో అల్లరి పెడదామని ఆలోచన ఉందేమో, అది మానుకో. ఒకసారి పాట ఎత్తుకున్నాక హారతి దాకా దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు."

సరస్ తలెత్తి చూసింది. "ఎవరికీ లేదా?"

"ఎవరికీ లేదు."

"మీకు కూడా?"

"చైర్మన్‌ని నాకే లేదంటే నీకుంటుందా?" అన్నాడు సామ్ దర్జాగా.

"సరే అంకుల్," అంది సరస్. "తెర కట్టించండి. వస్తాను."

తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఇదే. కానీ సామ్‌కి ఆ ఊహే లేదు, పెళ్ళివారి దగ్గరికి వెళ్ళి ఇంకో రెండు చీరలు అమ్ముకున్నాడు.

నవమి సాయంత్రానికి హాలు కిటకిటలాడిపోయింది. ఇంట్లో కూర్చుని భయపడేకంటే నలుగురిలో కూర్చుని భయపడటం మేలనిపించిందేమో, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. నడుమ ఇత్తడి సెమ్మె, దాని చుట్టూ బంతిపూలు. ముందువరసలో దొరసామి కుర్చీ. ఆయన పక్కన సామ్, భుజాన జరీ కండువా. వెనక చాపల మీద ఆడవాళ్ళు, వాళ్ళకి పెద్ద మునియమ్మ. నార్మన్ గజ్జెలు కట్టుకుని నిలబడ్డాడు, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

దీపం వెలిగింది. మద్దెల మోగింది. తెర వెనక నుంచి పాట లేచింది.

మొదటి పాట సాగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాడు నోరు కదుపుతుంటే ఆడగొంతు వినిపిస్తోంది! చిన్నపిల్లలు కిసుక్కున నవ్వారు, తల్లులు గిల్లారు. పెద్దవాళ్ళు మాత్రం సామ్ చెప్పినట్టే ఏమీ ఎరగనట్టు అందుకున్నారు. రెండో పాట మొదలైంది. తెర సందులోంచి తమ్ముడు కనిపిస్తున్నాడు సరస్‌కి. ఆమె గమకం సాగదీస్తే వాడు ముందే నోరు మూసేస్తున్నాడు. ఆమె ఊపిరి తీసుకుంటే వాడు నోరు తెరిచి నిలబడుతున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకే కాదు, వీడికీ ఎంత అన్యాయం చేశారు అనుకుంది సరస్. అంతే, ఇంక ఆగలేకపోయింది.

పాట ఆపలేదు. మైకు చేత్తో పట్టుకుని, వైరు ఈడ్చుకుంటూ, పాడుతూనే తెర తొలగించి బైటికొచ్చింది. చాపల మధ్య నుంచి, ఆడవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ నడిచింది. మగవాళ్ళ వలయం దగ్గరికొచ్చేసరికి దారికడ్డంగా ఉన్న ఇద్దరు ముగ్గురు ఏం చెయ్యాలో తెలియక అడుగు తప్పి పక్కకి జరిగారు. సరస్ వలయంలోకి అడుగు పెట్టింది.

సామ్ దిగ్గున లేచాడు. నోరు తెరిచాడు. ఆపు అనబోయాడు. అనలేకపోయాడు! ఆపు అన్నవాడే అరిష్టం తెచ్చినవాడవుతాడు, అదీ ఎన్నికలకి వారం ముందు. ఆయన మొహం చూడాలి, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది. దొరసామి చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. దొరసామి తల తిప్పలేదు, కూతురి వైపు చూడలేదు, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు సరస్ గుండెల్లో ముల్లులా దిగింది. అయినా చరణం ఎత్తుకుంది.

సామ్ విసవిసా గోడ దగ్గరికి వెళ్ళి మైకు ప్లగ్గు పీకేశాడు. పీకితే ఏమైంది? వాళ్ళు తెర వెనక దాచిపెట్టిన గొంతు మైకు ఉంటేనే వినపడే గొంతు కాదు. సరస్ మైకు కింద పెట్టేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, ఇంకొంచెం పైకెత్తి పాడింది. చరణం అయింది. ఇప్పుడు వెనక ఆడవాళ్ళు పల్లవి అందుకోవాలి. అందుకోలేదు. అందరూ మునియమ్మ వైపు చూస్తున్నారు, మునియమ్మ నోరు బిగించుకుని కూర్చుంది. ఒక్క క్షణం మద్దెల దెబ్బ తప్ప ఏమీ లేదు.

"పాట తెగిపోతందర్రా!" అని ముసలమ్మ ఉన్నట్టుండి కేకేసింది. "సూస్తారేటి మొద్దుల్లాగ? అందుకోండి! తరవాత దాన్ని నేను తిడతాను గానీ, ముందు అందుకోండి!"

అందుకున్నారు. లెషన్యా గొంతు అందరికంటే ముందు లేచింది. మూడో పాటకి హాలు గోడలు అదిరాయి. నార్మన్ సెమ్మె పక్కనే చతికిలబడి, గజ్జెలు విప్పి, అక్క పాదాల దగ్గర పెట్టి, బతుకు జీవుడా అన్నట్టు ఊపిరి వదిలాడు. అతని భార్య అమ్మణి చాప మీంచి లేచొచ్చింది. సరస్ ఉన్నచోటే అడుగు వేస్తూ పాడుతుంటే, ఒక్కో కాలూ పట్టుకుని గజ్జెలు బిగించి కట్టింది. తర్వాత వలయం తిరగడం మొదలైంది. సరస్ ముందు, వెనక మగవాళ్ళు. ఒకళ్ళిద్దరు లేచి వెళ్ళిపోయారు. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు చాలు భజనకి.

హారతి అయింది. హారతి తర్వాత చైర్మన్ ముందుగా రాముడికి, తర్వాత భజన నడిపిన మనిషికి పేరుపెట్టి జై కొట్టాలి, అందరూ పలకాలి. సామ్ కండువా సర్దుకుని ముందుకొచ్చాడు.

"శ్రీరామచంద్రమూర్తికీ!"

"జై!" అంది హాలంతా.

"భజన నడిపిన..." సామ్ చూపు సరస్‌ని దాటేసింది. "మన దొరసామి ఇంటివాళ్ళకీ!"

ఎవరూ పలకలేదు. కొందరు పలకబోయి ఊరుకున్నారు.

"ఇంటివాళ్ళంతా నడపలేదు అంకుల్," అంది సరస్. గొంతు బొంగురుపోయింది గానీ వణకలేదు. "నేను నడిపాను."

"దొరసామిగారి కూతురికీ..."

"నాకు పేరుంది."

సామ్ ఆమెని చూశాడు, నార్మన్‌ని చూశాడు. నార్మన్ బతుకులో మొదటిసారి ఒకరి మాట కాదన్నాడు. తల అడ్డంగా ఊపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒరే సామూ!" మునియమ్మ చాప మీంచి లేస్తూ అంది. "దాని పేరు నీకు తెల్దేటిరా? పురిట్లో ఎత్తుకుని నేను పెట్టిన పేరది. సెప్పు!"

"సరస్‌కి జై," అన్నాడు సామ్, గడ్డంలోకి.

"వినపడలేదు అంకుల్," అంది సరస్. "నాన్న పేరు ఇన్నేళ్ళూ ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా అనండి."

సామ్‌కి మొహం కందగడ్డ అయింది. అయినా అన్నాడు. హాలు జై అంది. మళ్ళీ అంది. సరస్ ఆ వేళ ఎవరి పెదవులూ చూడలేదు, తండ్రి పెదవులు మాత్రం చూసింది. అవి కదల్లేదు.

జనం ప్రసాదానికి వరస కడుతుంటే ఆమె తండ్రి కుర్చీ తోసుకుంటూ బైట కార్లు నిలిపిన చోటుకి నడిచింది. తిడతాడేమో తిట్టనీ, ఇవాళ పడతాను గానీ తప్పయిందని మాత్రం అనను అనుకుంది. బ్రేకు వేసి, ఆయన కాళ్ళు కింద పెట్టడానికి వంగింది.

దొరసామి కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మాట కోసం తంటాలు పడ్డాడు. "మూడో పాట," అన్నాడు చివరికి.

"ఏమైంది నాన్నా?"

"తొందర. తాళం... పరిగెట్టింది."

సరస్ అలాగే వంగి ఉండిపోయింది. వరండాలో పాట నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ ఆయన ఇలాగే తప్పులు చెప్పేవాడు, మొహం మీదే, మొహమాటం లేకుండా. వంటింట్లోంచి ఆ పాటలే పాడిన కూతురికి నలభై ఏళ్ళలో ఒక్క తప్పూ చెప్పలేదు. తప్పు చెప్పాలంటే ముందు పాడుతోందని ఒప్పుకోవాలి కదా. ఆమెకి ఏడుపూ వచ్చింది, ఒళ్ళుమండే కోపమూ వచ్చింది, రెండూ మింగేసింది.

"నిజమే, పరిగెట్టింది," అంది. "వచ్చే ఏడు సరిచేసుకుంటాను."

"వచ్చే ఏడా?" అన్నాడు దొరసామి, కనుబొమలు పైకెత్తి.

"వచ్చే ఏడే," అంది సరస్, కారు తలుపు తీస్తూ. "ఆ పై ఏడు కూడా."